దొడ్డిగుమ్మం
(మాస్టారి స్మారకోపన్యాసానికి అచ్చు రూపం)



మాస్టారి పేరిట మాట్లాడాలి రమ్మన్నప్పుడు ముందు భయమే వేసింది. ఉపన్యాసాలంటే ఆయనకి పెద్దగా గిట్టేది కాదు. ఎవరైనా గంటసేపు మాట్లాడి కూర్చుంటే పక్కవాళ్లతో, "ఈయన పుస్తకం చదివాడంటారా, పుస్తకం గురించి చదివాడంటారా?" అని కాస్త గట్టిగానే అడిగేవారు. ఇవాళ ఆ మాట అడిగే మనిషి లేరు గనక ధైర్యం చేశాను.

డిగ్రీలో ఆయన మాకు ఇంగ్లీషు చెప్పారు. క్లాసులో చెప్పిందానికన్నా ఆయన వసారాలోని రెండు బీరువాలే మాకు ఎక్కువ చెప్పాయి. ఏ పుస్తకమైనా పట్టుకెళ్లొచ్చు, ఎన్నాళ్లయినా ఉంచుకోవచ్చు. తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం ఒక ప్రశ్న తప్పేది కాదు. బాగుందా అని ఎప్పుడూ అడగలేదు. "ఇందులో నీకు ఎవరి మీద కోపం వచ్చింది?" అనేవారు. దానికి నిజాయితీగా జవాబు చెబితే పుస్తకం గురించి ఎంత తెలుస్తుందో, చెప్పినవాళ్ల గురించి అంతకన్నా ఎక్కువ తెలుస్తుంది. నాకు అది చాలా ఆలస్యంగా అర్థమైంది, అదీ ఒకే ఒక్క పుస్తకం వల్ల. ఇవాళ దాని గురించే మాట్లాడతాను.

పుస్తకం పేరు కిండ్రెడ్. రాసింది ఆక్టేవియా బట్లర్ అనే నల్లజాతి అమెరికన్ రచయిత్రి. 1979లో డబుల్‌డే సంస్థ వేసింది. తొమ్మిదేళ్ల తర్వాత బీకన్ ప్రెస్ మళ్లీ అచ్చు వేశాకే కాలేజీల్లో పాఠంగా చేరింది. ఆ రెండో ముద్రణ ప్రతి ఒకటి, అమెరికా నుంచి వచ్చిన చుట్టం పెట్టెలో మా మాస్టారి బీరువాకి చేరింది. అప్పటికి నేనూ పాఠాలు చెబుతున్నాను, కాబట్టి నాకు అన్నీ తెలుసనుకునే వయసు.

బట్లర్ పేరు వినగానే అందరూ సైన్స్ ఫిక్షన్ అంటారు. 1995లో మెకార్థర్ ఫెలోషిప్ అందుకున్న మొదటి సైన్స్ ఫిక్షన్ రచయిత ఆమే. కానీ కిండ్రెడ్‌ని అలా పిలవడానికి ఆమె ఒప్పుకోలేదు. ఇందులో సైన్స్ అన్నది ఎక్కడా లేదు, ఇది గ్రిమ్ ఫాంటసీ అంది. గ్రిమ్ అంటే కరకుదనం, కటిక చీకటి, నవ్వు మొలవని మొహం, అన్నీ కలిసిన మాట. నిజమే, ఇందులో కాలయంత్రం లేదు, మీటలు లేవు, ఎందుకిలా జరుగుతోందన్న వివరణ చివరిదాకా రాదు.

కథ ఇది. డేనా అనే నల్లజాతి యువతి. రచయిత్రి కావాలని ఆశ. బతుకుతెరువు మాత్రం రోజుకూలీకి మనుషుల్ని పంపే ఏజెన్సీలో. అక్కడి పనివాళ్లు ఆ ఏజెన్సీని బానిసల సంత అని వెక్కిరింతగా పిలుచుకుంటారు. భర్త కెవిన్ తెల్లవాడు, అతనూ రచయితే. 1976 జూన్ 9, డేనాకి ఇరవై ఆరో పుట్టినరోజు. కాలిఫోర్నియాలో కొత్తగా దిగిన ఇంట్లో ఇద్దరూ పుస్తకాలు సర్దుకుంటున్నారు. ఆమెకి కళ్లు తిరుగుతాయి. తేరుకునేసరికి ఒక నది ఒడ్డున ఉంటుంది. ఎర్రజుట్టు తెల్లపిల్లాడొకడు మునిగిపోతున్నాడు. దూకి పైకి లాగుతుంది. పిల్లాడి తండ్రి తుపాకి గొట్టం ఆమె మొహానికి గురిపెడతాడు. చచ్చానన్న భయం కలగగానే మళ్లీ సొంత ఇంట్లో, ఒళ్లంతా బురదతో. భర్త లెక్కన గడిచింది కొన్ని క్షణాలే.

ఆ పిల్లాడు రూఫస్ వేలిన్. ఊరు మేరీలాండ్‌లో ఈస్టన్ దగ్గర. రెండోసారి వెళ్లినప్పుడు తెలుస్తుంది, అది 1815 అని. రూఫస్‌కి ప్రాణభయం కలిగినప్పుడల్లా ఆమె అక్కడికి లాగబడుతుంది. ఆమెకి ప్రాణభయం కలిగితేనే ఇంటికి వస్తుంది. ఇలా ఆరుసార్లు.

మనం కాశీమజిలీ కథలూ, చందమామ సీరియళ్లూ చదివి పెరిగినవాళ్లం. మన మాయాలోకాలకి వెళ్లిన రాజకుమారుడు రాక్షసుడి ప్రాణం ఏ చిలకలో ఉందో కనిపెట్టి, దాని మెడ విరిచి, అర్ధరాజ్యంతో తిరిగి వస్తాడు. ఇక్కడ చిలక మెడ విరవడానికి లేదు. ఎందుకంటే ఆ చిలకలో ఉన్నది రాక్షసుడి ప్రాణం ఒక్కటే అయితే బాగుండేది. డేనా ప్రాణం కూడా అందులోనే ఉంది.

డేనా వంశంలో ఒక పాత బైబిల్ ఉంది. అందులో వంశవృక్షం రాయడం మొదలుపెట్టింది హేగర్ అనే ఆవిడ, 1831లో పుట్టింది. తల్లి ఆలిస్ గ్రీన్‌వుడ్. తండ్రి రూఫస్ వేలిన్. అంటే, నీళ్లలోంచి లాగిన ఆ బానిసల యజమాని కొడుకు ఆమెకి ముత్తాతల వరసలోవాడు. హేగర్ పుట్టేదాకా వాడు బతికుండాలి. లేకపోతే తను లేదు. వాడెలాంటివాడో తెలిసీ, ఏం చేయబోతాడో తెలిసీ, ఏటినుంచి ఒకసారి, మంటనుంచి ఒకసారి, జ్వరంనుంచి ఒకసారి వాణ్ణి కాపాడుతూ పోవాలి.

కిండ్రెడ్ అన్న మాటకి తెలుగులో రక్తబంధువులు అనొచ్చు. నాకైతే "అయినవాళ్లు" అన్న మాట నచ్చుతుంది. అయినవాళ్లకి ఆకుల్లో, కానివాళ్లకి కంచాల్లో అంటాం. ఆ వేలిన్ ఇంట్లో అయినవాళ్లెవరు, కానివాళ్లెవరు? వంటింట్లో తిరిగే పిల్లల్లో కొందరికి ఆ ఇంటి యజమాని పోలికలే ఉంటాయి. తల్లి బానిస అయితే బిడ్డా బానిసే అని అక్కడి చట్టం. కనుక కన్నతండ్రి తన బిడ్డని అమ్ముకోవచ్చు, చట్టం ప్రకారమే.

మేరీలాండ్ గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే మన పాఠకుల్లో చాలామంది అక్కడికి ఒకసారి వెళ్లొచ్చారు, గుర్తులేదంతే. సహవాసి తెలుగు చేయగా హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసిన ఏడు తరాలు మీలో ఎందరు చదవలేదు? అలెక్స్ హేలీ చెప్పిన కథ ప్రకారం కుంటా కింటేని 1767లో దించింది అన్నపోలిస్ రేవులో. అది మేరీలాండే. మధ్యలో చెసపీక్ అఖాతం దాటితే ఈస్టన్ ఉన్న టాల్బట్ కౌంటీ. ఫ్రెడరిక్ డగ్లస్ ఆ కౌంటీలోనే 1818లో పుట్టాడు. హ్యారియట్ టబ్మన్ పుట్టింది పక్క కౌంటీలో. డేనా మొదటిసారి సుదీర్ఘంగా అక్కడ ఉన్న రోజుల్లో డగ్లస్ చంటిపిల్లాడు. బట్లర్ ఊరికే ఆ చోటు ఎంచుకోలేదు. ఉత్తరాన పక్కనే పెన్సిల్వేనియా ఉంది. పారిపోవడం ఊహకి అందేంత దగ్గర, కాళ్లకి అందనంత దూరం.

ఇంకో సంగతి. పొగాకు వేసి వేసి ఆ నేలలు సారం కోల్పోయాక చాలామంది గోధుమకి మారారు. గోధుమకి ఏడాది పొడుగునా అంతమంది కూలీలు అక్కర్లేదు. 1808 నుంచి ఆఫ్రికా నుంచి బానిసల దిగుమతి నిషిద్ధం. దక్షిణాన జార్జియా, మిసిసిపి, లూసియానాల్లో పత్తి పెరుగుతోంది, మనుషులు కావాలి. ఇక్కడ మిగులు, అక్కడ కొరత. వ్యాపారమంటే అంతేగా. 1790కీ 1860కీ మధ్య అలా దక్షిణానికి తరలించినవాళ్లు సుమారు పది లక్షల మంది అని చరిత్రకారుల అంచనా. కిండ్రెడ్‌లో కొరడా కన్నా ఎక్కువ భయపెట్టేది ఈ అమ్మకమే. కొరడా దెబ్బ మానుతుంది. జార్జియా వ్యాపారి బండి ఎక్కిన పిల్ల తిరిగి రాదు.

ఇప్పుడు శారా దగ్గరికి వస్తాను. వేలిన్ ఇంట్లో వంటామె. నలుగురు పిల్లల్ని కన్నది. ముగ్గుర్ని యజమాని అమ్మేశాడు, ఇంటి ఇల్లాలికి కొత్త సామాను, పింగాణీ పళ్లాలు కొనడానికి. నాలుగో పిల్ల క్యారీ మూగది, ధర పలకదు, అందుకని మిగిలింది. ఆ ఒక్క పిల్ల చాలు, శారా మెడకి అదే పలుపుతాడు. ఆ ఇంటిల్లిపాదీ తినేది ఆమె చేతి వంటే. విషం కలపడానికి ఎంతసేపు? కలపదు. పారిపోయినవాళ్ల గతి ఏమవుతుందో చెప్పి మిగతావాళ్లని భయపెడుతుంది. ఉత్తరాదిలో స్వేచ్ఛగా బతుకుతున్న నల్లవాళ్ల గురించి డేనా చెప్పబోతే వినదు.

నేను ఆ పుస్తకం తిరిగిచ్చినప్పుడు మాస్టారు అలవాటుగా అడిగారు. "వంటామె మీదండీ," అన్నాను. అమ్మినవాడి మీద కాదు, కొరడా పట్టినవాడి మీద కాదు. మాస్టారు పుస్తకం అందుకోలేదు. "అయితే ఇంకోసారి చదువమ్మా," అన్నారు.

ఎందుకు శారా మీద? ఆ జవాబు మా నాయనమ్మ దగ్గర ఉంది. ఆవిడ ఊళ్లో పెద్దకామందు ఇంట్లో పని చేసేది. తెల్లారకముందే వెళ్లేది, దొడ్డిగుమ్మంలోంచి. పేడకళ్లు ఎత్తడం, వడ్లు దంచడం, గిన్నెలు తోమడం. వీధి గుమ్మం ఆవిడ ఎన్నడూ తొక్కలేదు. దొడ్డిదారి అంటే ఇవాళ మనకి అడ్డదారిలో ఉద్యోగం కొట్టినవాడు గుర్తొస్తాడు. మా ఇంట్లో ఆ మాటకి అసలు అర్థం తప్ప వేరే అర్థం తెలియదు. నేను పదో క్లాసులో ఉండగా ఒకరోజు ఆవిడ కోసం వెళ్లాను. ఆ ఇంటి కోడలు, నా ఈడుది, ఆవిడని "ఏమే" అని పిలిచింది. నాయనమ్మ "అమ్మగారూ" అని తలవంచి వెళ్లింది. ఇంటికొచ్చేదాకా నేను ఆవిడతో మాట్లాడలేదు. ఆ పిల్ల మీద రావాల్సిన కోపం నాయనమ్మ మీద వచ్చింది.

ఇక బట్లర్ సంగతి వినండి. ఆమె 1947లో కాలిఫోర్నియాలోని పాసడీనాలో పుట్టింది. తండ్రి బూట్లు పాలిష్ చేసేవాడు, ఆమె చిన్నతనంలోనే పోయాడు. తల్లి తెల్లవాళ్ల ఇళ్లలో పనిమనిషి. కొన్నిసార్లు కూతుర్ని వెంట తీసుకెళ్లేది. వెనక గుమ్మంలోంచి లోపలికి వెళ్లడం, మనిషి ఎదుటే ఉండగా లేనట్టు ఆమె గురించి వాళ్లు మాట్లాడుకోవడం, తల్లి విననట్టు ఊరుకోవడం, అన్నీ ఆ పిల్ల చూసింది. సిగ్గుపడింది. తల్లి మీద కోపం తెచ్చుకుంది.

తర్వాత పాసడీనా సిటీ కాలేజీలో చదువుతున్నప్పుడు, అరవైల్లో, బ్లాక్ పవర్ ఉద్యమం ఊపులో ఉన్న రోజుల్లో, తోటి విద్యార్థి ఒకడు అన్నాడట: ఇన్నాళ్లూ మనల్ని వెనక్కి లాగిన ముసలాళ్లందర్నీ చంపేయాలనిపిస్తుంది, కాకపోతే మా అమ్మానాన్నలతోనే మొదలుపెట్టాల్సి వస్తుంది అని. అతనికి నల్లవాళ్ల చరిత్ర బాగా తెలుసు, కానీ ఆ తెలిసింది తలకి ఎక్కిందే తప్ప ఒంటికి ఎక్కలేదు అని బట్లర్‌కి అనిపించింది. ఆ తరం తలవంచింది కాబట్టే అతనికి తిండి దొరికింది, తలమీద కప్పు దొరికింది. ఈ కాలపు మనిషిని, ఈ కాలపు ఒంటితో సహా, ఆ కాలంలో పడేస్తే ఎలా ఉంటుంది? కిండ్రెడ్ అక్కడ పుట్టింది. నా దృష్టిలో ఈ నవల మొత్తం ఒక కూతురు తన తల్లికి ఆలస్యంగా చెప్పుకున్న క్షమాపణ.

మొదట ఆమె మగవాణ్ణి పంపాలనుకుంది. రాస్తుంటే వాడు బతకడం లేదు. కళ్లు పైకెత్తి చూస్తాడు, ఎదురు చెబుతాడు, నాలుగు రోజుల్లో చంపేస్తారు. అబద్ధం రాస్తే తప్ప వాణ్ణి బతికించలేం. ఆడదాన్ని అయితే అంత ప్రమాదకరం అనుకోరు, అందుకని డేనా వచ్చింది. తలెత్తుకుని బతకడం గురించి నాలాంటి చదువుకున్నవాళ్లం వేదికల మీద ఎన్నో చెబుతాం. ఒక రచయిత్రి తన బల్ల దగ్గర కూర్చుని ఆ తలెత్తుకునే కథానాయకుణ్ణి బతికించలేకపోయింది.

ఆమె మేరీలాండ్‌కి బస్సులో వెళ్లింది. బాల్టిమోర్‌లో ఎనక్ ప్రాట్ గ్రంథాలయంలో చదివింది. వాషింగ్టన్ గారి మౌంట్ వెర్నన్ భవంతి చూడబోతే, అక్కడి గైడ్లు బానిసలు అనకుండా పనివాళ్లు అంటూ తప్పించుకున్నారట. బతికి బయటపడ్డ బానిసలు రాసుకున్న కథలు చదివి, అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తే ఎవరూ చదవలేరని కొంత తగ్గించే రాశానని తర్వాత చెప్పింది. మనకి ఊపిరాడనివ్వని ఈ పుస్తకం, తగ్గించి రాసినది.

నన్ను ఇప్పటికీ వదలని ఘట్టంలో రక్తం లేదు. మూడోసారి వెళ్లినప్పుడు కెవిన్ ఆమెని పట్టుకుని ఉన్నందున అతనూ వెళతాడు. ఇద్దరూ బయట నడుస్తుంటే బానిసల పిల్లలు ఆడుకుంటున్నారు. ఒక పిల్లాడు మొద్దు మీద నిలబడి ఇంకో పిల్లని వేలం వేస్తున్నాడు. ఆ పిల్ల తన ధర తక్కువైందని అలుగుతుంది. కెవిన్‌కి అది చూసింది అనుకరించే పిల్లల ఆట. డేనా అక్కడ నిలబడలేక వెళ్లిపోతుంది. ఒకే దంపతులు, ఒకే పెరడు. కానీ ఎంత సులువుగా మనిషి అలవాటు పడిపోతాడో అని ఆమెకి తెలిసొచ్చేది ఆ పిల్లల్ని చూసి మాత్రమే కాదు. ఆ పొయ్యి, ఆ పడక, ఆ ఇల్లు తనకే ఇంటిలా అనిపించడం మొదలైనందుకు.

కెవిన్ పాత్ర విషయంలో మాత్రం నాకొక ఫిర్యాదుంది. నైజెల్ అనే కుర్రాడికి చదువు చెబుతూ దొరికిపోయి డేనా కొరడా దెబ్బలు తింటుంది. ఆ భయంలో ఆమె ఒక్కతే వెనక్కి వస్తుంది. కెవిన్ అక్కడే చిక్కుకుంటాడు, ఆమెకి ఎనిమిది రోజులు, అతనికి అయిదేళ్లు. ఆ అయిదేళ్లలో ఒక తెల్లవాడు అక్కడ ఏం చూశాడు, ఏం చేశాడు, ఏం చేయలేదు? బట్లర్ నాలుగు మాటల్లో దాటేసింది. ఇంకో నవలంత కథ అది.

ఆలిస్‌ని మాత్రం దాటలేదు. స్వేచ్ఛగా పుట్టిన పిల్ల. మేరీలాండ్‌లో అలాంటివాళ్లు తక్కువేం కాదు, 1810 జనాభా లెక్కల్లో సుమారు 34 వేల మంది, బానిసలు లక్షా 11 వేలు. బానిస అయిన తన భర్తతో పారిపోతూ దొరికినందుకు ఆమెకి ఆ స్వేచ్ఛ పోయింది. కుక్కలు కరిచిన ఒంటితో ఉన్న ఆమెని రూఫస్ కొనుక్కున్నాడు. ప్రేమ అంటాడు. అతను దాన్ని ప్రేమనే నమ్ముతున్నాడు, అందులోనే అసలు భయం ఉంది. ఆలిస్‌ని తన గదికి వచ్చేలా ఒప్పించమని, లేకపోతే కొట్టి రప్పిస్తానని డేనాతో అంటాడు. డేనా వెళ్లి ఆ కబురు చెబుతుంది. హేగర్ పుట్టాలి కదా. శారా మీద కోపం వచ్చిన నేను ఆ పేజీలో డేనా మీద కోపం తెచ్చుకోలేదు ఎందుకని? ఆమె చదువుకుంది గనకా? నాలాగా మాట్లాడుతుంది గనకా?

చివర్లో రూఫస్ ఆలిస్ పిల్లల్ని అమ్మేశానని అబద్ధం చెబుతాడు. బెదిరించడానికి, అంతే. ఆమె ఉరేసుకుంటుంది. ఆలిస్ పోయాక అతని కళ్లు డేనా మీద పడతాయి. హేగర్ అప్పటికే పుట్టింది, ఇక అతని ప్రాణంతో డేనాకి పని లేదు. అయినా కత్తి ఎత్తడానికి చేయి రాదు. ఎత్తుతుంది. అతను పట్టుకున్న ఆ ఎడమచేయి, మోచేతి కింద, సరిగ్గా అతని వేళ్లున్న చోటునుంచి, ఆమె ఇంటి గోడలో కలిసిపోతుంది. ఆ రోజు 1976 జూలై 4. అమెరికా స్వాతంత్ర్యానికి రెండు వందల ఏళ్లు నిండిన పండగ. (మన దేశంలో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చిందీ ఆ సంవత్సరంలోనే. నవలకి ఆ సంగతితో సంబంధం లేదు, నాకుంది.) ఆమెని నిండుగా తిరిగి రానివ్వలేకపోయాను అని బట్లర్ తర్వాత చెప్పింది.

చాలామంది అక్కడితో పుస్తకం మూసేస్తారు. ఆ తర్వాత ఇంకొన్ని పేజీలున్నాయి. డేనా, కెవిన్ ఇప్పటి మేరీలాండ్‌కి వెళతారు. వేలిన్ ఇల్లు లేదు, ఆ చోట పొలం. పాత పత్రికలో రూఫస్ ఇల్లు తగలబడి చనిపోయాడన్న వార్త దొరుకుతుంది. హత్య బయటపడకుండా నైజెల్ నిప్పు పెట్టి ఉంటాడు. దాని వెంటే ఇంకో ప్రకటన: బానిసల అమ్మకం. పేర్లు, వయసులు, వచ్చిన పనులు. హేగర్ పేరు లేదు, ఆమె అన్న పేరు లేదు. నైజెల్, క్యారీల పేర్లు లేవు, వాళ్ల ముగ్గురు కొడుకులవి ఉన్నాయి. శారా పేరు ఉంది.

మొదటిసారి ఆ పేరు నా కంటికి ఆనలేదు. మాస్టారు ఇంకోసారి చదవమన్నది ఆ జాబితా కోసమే అయి ఉంటుంది, ఎన్నడూ పైకి చెప్పలేదు. డేనా చేసిన పని న్యాయమే. దానితో ఆమె తన ఒంటిని దక్కించుకుంది. యజమాని పోతే ఆస్తి అమ్ముతారు, ఆస్తి అంటే వాళ్లే. విషం కలపకుండా, మాట మీరకుండా, ముగ్గురు పిల్లలు పోయినా నాలుగో పిల్ల పక్కన ఉండడానికి ఏళ్ల తరబడి తలవంచిన మనిషిని, ఆ వయసులో, మనవలతో సహా వేలానికి పెట్టారు. నాకు అంత ఇష్టమైన ఆ కత్తిపోటుకి బిల్లు ఆవిడ చేతిలో పెట్టారు.

బట్లర్ 2006లో, యాభై ఎనిమిదేళ్లకే పోయింది. తన గురించి రాసుకున్న ఒక వ్యాసంలో తల్లి గురించి కొన్ని సంగతులు చెప్పింది. పదేళ్లప్పుడు టైపురైటర్ కావాలని పేచీ పెడితే తల్లి కొనిచ్చింది. పిల్లని చెడగొడుతున్నావు, రేపు అది అలమరాలో దుమ్ము కొట్టుకుపోతుంది అని స్నేహితురాలు మందలించింది. కాస్త పెద్దయ్యాక కథలు అచ్చు వేయిస్తానన్న ఒక మోసగాడికి కట్టడానికి అరవై ఒక్క డాలర్ల ఇరవై సెంట్లు కావాల్సి వస్తే అదీ ఇచ్చింది. వాళ్ల నెల ఇంటి అద్దె కన్నా ఎక్కువ. డబ్బు పోయింది. పని చేసే ఇళ్లలో వాళ్లు పారేసిన పుస్తకాలు ఏరి ఇంటికి తెచ్చేది. అవి బయటికొచ్చిన దారీ ఆ వెనక గుమ్మమే.

ఈ ఉపన్యాసం రాసుకుంటూ మా నాన్నకి ఫోన్ చేశాను. ఆయనకి ఎనభై దాటాయి. నాయనమ్మ ఆ ఇంట్లో అంత పడి ఎందుకు ఉంది, మానెయ్యొచ్చు కదా అని అడిగాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత చెప్పారు. తన ఎస్సెల్సీ పరీక్ష ఫీజుకి ఇంట్లో పైసా లేకపోతే నాయనమ్మ కామందు దగ్గర ఆర్నెల్ల జీతం ముందుగా తెచ్చిందట, ఆ దొడ్డిగుమ్మంలోనే నిలబడి, కొంగు పట్టి. "ఆ ఆర్నెల్లూ మీ నాయనమ్మ ఎవరేమన్నా నోరెత్తలేదే," అన్నారు.